బీచ్ రోడ్డు స్తంభాలు, సయాం రైలుకట్ట

బీచ్ రోడ్డు పక్కన నాలుగు తెల్ల స్తంభాల స్మారకచిహ్నాన్ని సింగపూరులో ఉన్న మనవాళ్ళందరూ చూసే ఉంటారు. మా పిల్లలకది ‘చాప్‌స్టిక్కులు’. ఊరివాళ్ళకూ అంతే. దాని అడుగున కలశాల్లో మనుషుల ఎముకలున్నాయని మాకు చాలాకాలం తెలియదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైంది. మూడు రోజులు తిరక్కుండానే చైనీయ మగవాళ్ళను పోగుచేసి, ఏరి, సముద్రపుటొడ్డుకు తీసుకుపోయి కాల్చేశారు. చనిపోయినవారు 5 వేలని జపాను పక్షం, 40, 50 వేలని చైనీయులు చెప్పారు. 1947లో ఏడుగురు అధికారులను విచారించి ఇద్దరిని ఉరితీశారు. పోయినవాళ్ళ ఇళ్ళకు దక్కిందేమీ లేదు.

1962లో సిగ్లాప్‌లో ఎముకలు బయటపడ్డాయి. చైనీయ వాణిజ్య మండలి పూనుకుని గోతులు వెతికించి అస్థికలు తీయించింది. ‘రక్తఋణం’ తీర్చమంటూ 1963 ఆగస్టులో సిటీ హాలు ముందు లక్షమందిని నిలబెట్టింది. 1966లో జపాను 5 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. అందులో సగం అప్పు! ఋణం తీర్చడానికి అప్పివ్వడమేమిటో మాకు బోధపడలేదు. ఆ డబ్బు ఏ కుటుంబం చేతికీ రాలేదు గాని, 1967లో స్మారకం లేచింది.

ఆ నాలుగు స్తంభాల్లో ఒకటి భారతీయులది. అక్కడే మాకు మలయా తోటల తెలుగు కూలీలు గుర్తొచ్చారు. తమిళులతోబాటు వాళ్ళనూ సయాం-బర్మా రైలుమార్గం వేయడానికి తోలుకుపోయారు. 415 కిలోమీటర్లు, ఏడాది పని. 1943 వానల్లో కలరా సోకింది. మంచినీళ్ళు, నరంలోకి సెలైను అందితే చాలామంది బతికే జబ్బే అది. యుద్ధఖైదీల వెంట వాళ్ళ డాక్టర్లున్నారు. కూలీల దగ్గరకు చాంగీ నుంచి ఖైదీ వైద్యబృందాలు వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. చనిపోయిన 12 వేల పైచిలుకు ఖైదీలకు జాబితాలున్నాయి, కాంచనబురిలో వరుసగా సమాధిరాళ్ళున్నాయి. కూలీల చావులకు అంచనాలే దిక్కు. 90 వేలన్నవాళ్ళూ ఉన్నారు. 1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందం 16వ అధికరణం ఖైదీలకు పరిహారం చూపింది. కూలీల ఊసెత్తలేదు. 

మా దగ్గరకు మందుకొచ్చే ఒక మామ్మగారి తండ్రి ఆ రైలుకు పోయి తిరిగి రాలేదు. రాసుకుందామని పేరడిగాము. ఆవిడ చాలాసేపు ఆలోచించారు. “అయ్యా అనే పిలిచేవాళ్ళం బాబూ” అన్నారు.

మీ ఇళ్ళలో అలా పోయినవారి పేరు, ఊరు, తోట తెలిసినవాళ్ళుంటే, ఒక కాగితం మీద రాసి సంఘానికి అందజేయండి.