బడిలో పోలీసు జాగిలాలు



ఇంటి కాపలాకు కుక్కను పెంచుకోవడం మనకు కొత్తేమీ కాదు. పెరట్లో అలికిడయితే మనకంటే ముందు దానికే తెలుస్తుంది. మరి పిల్లలు చదువుకునే బడికి పోలీసు జాగిలాన్ని తీసుకురావచ్చునా? అమెరికాలో ఈ ప్రశ్న ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. మన తెలుగువారి పిల్లలు ఎందరో అక్కడి ప్రభుత్వ బళ్ళలో చదువుతున్నారు. అంచేత ఆ చరిత్ర కొంచెం తెలుసుకుందాం.

బెల్జియం దేశంలోని ఘెంట్ నగరంలో 1899లో పోలీసులు శిక్షణ ఇచ్చిన కుక్కలను రాత్రి గస్తీకి పెట్టారు. ఆ పద్ధతి చూసి 1907లో న్యూయార్క్ పోలీసులూ వాటిని తెచ్చుకున్నారు. చీకటి సందుల్లో నక్కిన దొంగను పసిగట్టడం వాటి పని. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

అయితే ఆ కుక్కలనే పిల్లల మీదికి ఉసికొల్పిన రోజులూ ఉన్నాయి. 1963 మే నెలలో బర్మింగ్‌హామ్ నగరంలో నల్లజాతి విద్యార్థులు వర్ణవివక్ష వద్దంటూ బళ్ళు మానేసి ఊరేగింపుగా బయలుదేరారు. బుల్ కానర్ అనే అధికారి హయాంలో పోలీసులు వారి మీద నిప్పులార్పే గొట్టాలతో నీళ్ళు కొట్టించి, కుక్కలను వదిలారు. ఆ ఫొటోలు పత్రికల్లో చూసి లోకమంతా నివ్వెరపోయింది. అవి చూసిన తల్లికి పోలీసు కుక్క కనబడగానే ధైర్యం కలుగుతుందా, గుండె దడ పుడుతుందా? మీరే చెప్పండి.

తర్వాత బళ్ళలో మత్తుమందుల బెడద మొదలయింది. తల్లిదండ్రులూ హడలిపోయారు. 1979 మార్చిలో ఇండియానా రాష్ట్రంలోని హైలాండ్ ఊళ్ళో రెండు బళ్ళకు కుక్కలను రప్పించారు. మొత్తం 2,780 మంది విద్యార్థులు. పిల్లలను బల్లల దగ్గరే కూర్చోబెట్టి, వరస వెంట వరస కుక్కలచేత వాసన చూపించారు. ఓ పదమూడేళ్ళ అమ్మాయి దగ్గర కుక్క ఆగింది. జేబులు ఖాళీ చేయించారు. ఏమీ లేదు. అయినా కుక్క కదల్లేదు. ఆ పిల్లను నర్సు గదిలోకి తీసుకెళ్ళి, ఇద్దరు ఆడవాళ్ళు బట్టలు విప్పించి వెతికారు. అప్పుడూ ఏమీ దొరకలేదు. సంగతేమిటంటే, ఆ పొద్దున ఆ అమ్మాయి ఎదకొచ్చిన తమ ఇంటి ఆడకుక్కతో ఆడుకుని బడికి వచ్చింది. జాగిలం పట్టుకున్నది ఆ వాసన!

కుక్క చేసిన తప్పేముంది? దానికి తెలిసింది అది చెప్పింది. ఆ తర్వాత ఆలోచించవలసింది పెద్దవాళ్ళు కదా!

వ్యవహారం కోర్టుకెక్కింది. కుక్కచేత వాసన చూపించడం తప్పు కాదుగానీ, చిన్నపిల్లను వివస్త్రను చేయడం చట్టానికీ, మర్యాదకూ కూడా విరుద్ధమని 1980లో అప్పీలు కోర్టు గట్టిగా చెప్పింది. మరి రెండేళ్ళకు, టెక్సాస్‌లోని గూస్ క్రీక్ బళ్ళ కేసులో ఇంకో అప్పీలు కోర్టు ఇంకాస్త ముందుకు వెళ్ళింది. లాకర్లనూ, కార్లనూ కుక్క వాసన చూడవచ్చు. పిల్లవాడి ఒంటిని వాసన చూడటం మాత్రం సోదా కిందే లెక్క. ఫలానా పిల్లవాడి మీద అనుమానానికి కారణం ఉంటే తప్ప అది కూడదు అంది. కెనడాలోనూ సార్నియా ఊరి హైస్కూల్లో 2002లో పిల్లలను తరగతుల్లోనే ఉంచి, వారి సంచులను కుక్కచేత వాసన చూపించారు. తగిన అనుమానం లేకుండా చేసిన ఆ సోదా చెల్లదని 2008లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మరి బడికి కుక్క అసలు పనికిరాదా అంటే, అలా అనలేం. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో ఓ దుండగుడు కాల్పులు జరిపి 20 మంది పసివాళ్ళనూ, ఆరుగురు పెద్దలనూ పొట్టన పెట్టుకున్నాడు. మిగిలిన పిల్లలను ఓదార్చడానికి ఆ ఊరికి శిక్షణ పొందిన పెంపుడు కుక్కలు వచ్చాయి. మనుషులతో నోరు విప్పని పిల్లలకు ఆ కుక్కల మెడ నిమురుతూ కూర్చుంటే కాస్త ఊరట. తుపాకీ బళ్ళోకి రాకముందే పట్టుకోవాలని కోరే తల్లుల భయమూ ఉత్తది కాదు.

కాబట్టి కుక్క మంచిదా చెడ్డదా అని వాదులాడుకుని లాభం లేదు. రాత్రిపూట ఖాళీ బడిలో గస్తీ తిరగడం వేరు, తరగతిలో కూర్చున్న పిల్లను వాసన చూడటం వేరు. కుక్క ఎవరి దగ్గర ఆగితే వారు దోషి అనుకోవడానికి వీల్లేదు. మీ పిల్లల బళ్ళో గానీ, పరాయి దేశంలో మీ మనవళ్ళ బళ్ళో గానీ ఇలాంటి ఏర్పాటు వస్తే మూడు మాటలు అడగండి. కుక్క వాసన చూసేది వస్తువులనా, పిల్లలనా? అది మొరిగితే తర్వాత ఏం చేస్తారు? తల్లిదండ్రులకు ఎప్పుడు కబురు చేస్తారు? ఈ మూడింటికీ సరైన జవాబు చెప్పగలిగిన బడి గుమ్మంలో జాగిలం ఉన్నా, మన పిల్ల నిర్భయంగా లోపలికి వెళ్ళగలుగుతుంది.