విండోస్ రీయాక్టివేషన్

కంప్యూటర్‌లో మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్ వంటి ముఖ్యమైన భాగాలు మార్చాక, అందులోని విండోస్ లైసెన్సు ఇంకా చెల్లుతుందని మైక్రోసాఫ్ట్ సర్వర్ దగ్గర మళ్లీ ఖాయం చేయించుకోవడమే రీయాక్టివేషన్. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు ఇది ఇళ్లలోని కంప్యూటర్లకు చేరింది. అప్పటి నుంచి దీని చరిత్ర ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది: ఎన్ని భాగాలు మారేదాకా అది పాత కంప్యూటరే, ఎక్కడి నుంచి కొత్తది? ఈ ప్రశ్నకు కంపెనీ మూడు రకాలుగా జవాబు చెప్పుకుంది. మొదట భాగాలను లెక్కపెట్టింది. తర్వాత మదర్‌బోర్డును పట్టుకుంది. చివరికి యజమాని ఖాతాను అడిగింది.

కాపీలను ఆపాలన్న పట్టుదల పర్సనల్ కంప్యూటర్ పుట్టిన నాటిదే. తమ బేసిక్ ప్రోగ్రామును డబ్బివ్వకుండా కాపీ చేసుకుంటున్నారని 1976 ఫిబ్రవరిలోనే బిల్ గేట్స్ కంప్యూటర్ అభిరుచిపరులకు బహిరంగ లేఖ రాశాడు. 1980లలో లోటస్ 1-2-3 తెరవాలంటే అసలు ఫ్లాపీ డ్రైవ్‌లో ఉండాల్సి వచ్చేది. విండోస్ 95 వచ్చేనాటికి కాపలా కాస్త సడలింది. రిటైల్ సీడీ కీలో చివరి 7 అంకెల మొత్తం 7తో భాగిస్తే శేషం రాకుండా ఉండాలన్నదే అందులోని ప్రధాన పరీక్ష. విండోస్ 98తో 25 అక్షరాల కీ వచ్చింది. అయితే ఆ కీని సరిచూసేది కూడా ఆ కంప్యూటరే. అదే కీ ఇంకెన్ని చోట్ల వాడుకలో ఉందో దానికి తెలిసే వీల్లేదు. ఒకరు కొన్న సీడీ వీధంతా తిరిగేది అందుకే.

ఈ లోటు పూడ్చడానికే మైక్రోసాఫ్ట్ యాక్టివేషన్‌ను తెచ్చింది. 2001 మే నెలాఖరులో విడుదలైన ఆఫీస్ ఎక్స్‌పీలో, అక్టోబర్ 25న మార్కెట్‌లోకి వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో దాన్ని పెట్టింది. గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగును చూపిన తొలి విండోస్ కూడా ఎక్స్‌పీయే కాబట్టి, మన భాషలో కంప్యూటర్ వాడకం పెరిగిన కాలమూ యాక్టివేషన్ కాలమూ ఒకటే అయ్యాయి.

ఎక్స్‌పీ పనితీరు ఇలా ఉండేది. ఇన్‌స్టాల్ చేశాక 30 రోజుల గడువు. ఆలోగా కంప్యూటర్‌లోని పది అంశాలను విండోస్ చదివేది: గ్రాఫిక్స్ కార్డు, స్కజీ అడాప్టర్, ఐడీఈ అడాప్టర్, నెట్‌వర్క్ కార్డు చిరునామా, ర్యామ్ పరిమాణం, ప్రాసెసర్ రకం, ప్రాసెసర్ సీరియల్ నంబరు, హార్డ్ డిస్క్, దాని వాల్యూమ్ సీరియల్ నంబరు, సీడీ డ్రైవ్. వీటిని కుదించి, ప్రొడక్ట్ కీ నుంచి వచ్చిన సంఖ్యతో కలిపి 50 అంకెల ఇన్‌స్టలేషన్ ఐడీ తయారుచేసేది. ఇంటర్నెట్ ఉంటే అది తనంతట తానే సర్వర్‌కు వెళ్లేది. లేనివారు ఫోన్ చేసి ఆ 50 అంకెలూ చదివి వినిపించి, అవతలి నుంచి చెప్పే 42 అంకెలను ఒక్కటీ తప్పకుండా టైపు చేయాలి.

మన కంప్యూటర్‌లో ఏమేం ఉన్నాయో కంపెనీకి తెలిసిపోతుందన్న భయం అప్పట్లో బలంగా ఉండేది. 2001 జులైలో బెర్లిన్‌కు చెందిన ఫుల్లీ లైసెన్స్‌డ్ అనే చిన్న సంస్థ ఆ 50 అంకెలను విడదీసి, లోపలి నిర్మాణాన్ని ప్రచురించింది. నెట్‌వర్క్ కార్డు చిరునామాకు 10 బిట్లు, ర్యామ్‌కు 3 బిట్లు మాత్రమే కేటాయించారని తేలింది. పది బిట్లలో ఇమిడేవి సుమారు వెయ్యి విలువలే. ప్రపంచంలోని నెట్‌వర్క్ కార్డులన్నీ ఆ వెయ్యిలోనే సర్దుకోవాలి కనుక, అంకెలను బట్టి అసలు భాగాన్ని వెనక్కి రాబట్టడం కుదరదు. గోప్యత విషయంలో మైక్రోసాఫ్ట్ చెప్పిన మాట ఆ మేరకు నిజమేనని బయటివారు పరీక్షించి తేల్చడం ఈ చరిత్రలో మెచ్చుకోదగిన ఘట్టం.

మార్పులను లెక్కపెట్టే పద్ధతి కూడా అనుకున్నంత కఠినంగా లేదు. నెట్‌వర్క్ కార్డు అలాగే ఉంటే, పదింటిలో ఆరు అంశాలు మారితేనే రీయాక్టివేషన్ అడిగేది. కార్డు మారినా, అసలు లేకపోయినా నాలుగు మార్పులకే అడిగేది. డాకింగ్ సౌకర్యమున్న ల్యాప్‌టాప్‌లకు ఇంకా సడలింపు ఉండేది. చిక్కంతా మదర్‌బోర్డుతోనే. నెట్‌వర్క్, ఐడీఈ, కొన్నిసార్లు గ్రాఫిక్స్ కూడా బోర్డులోనే ఉండేవి కనుక, అదొక్కటి మారిస్తే అనేక అంశాలు ఒకేసారి మారిపోయేవి. ఎక్స్‌పీ తొలి రూపంలో ఇలా జరిగితే ఒక్క రోజు కూడా వ్యవధి ఉండేది కాదు. రీయాక్టివేషన్ పూర్తయ్యేదాకా లాగిన్ కానిచ్చేది కాదు. 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1 మూడు రోజుల గడువిచ్చింది. అంతకుముందు యాక్టివేషన్ జరిగి 120 రోజులు దాటితే పని ఇంటర్నెట్‌లోనే అయిపోయేది. దాటకపోతే ఫోన్ చేసి కారణం చెప్పుకోవాలి.

పెద్ద కంపెనీల కంప్యూటర్లది వేరే దారి. ఫ్యాక్టరీలోనే విండోస్ వేసిన యంత్రాల్లో ఎక్స్‌పీ ఈ పది అంశాలనూ చూడదు. బయాస్‌లో తయారీదారు గుర్తు ఉందా లేదా అన్నదే చూస్తుంది. హార్డ్ డిస్క్, ర్యామ్, గ్రాఫిక్స్ అన్నీ మార్చినా పలకదు. కానీ వేరే కంపెనీ మదర్‌బోర్డు వేస్తే ఆ గుర్తు పోతుంది. యంత్రానికి అంటించిన స్టిక్కర్ మీది కీతో ఇంటర్నెట్‌లో యాక్టివేట్ చేసుకునే వీలును కూడా 2005 ఫిబ్రవరి 28 నుంచి పెద్ద తయారీదారుల యంత్రాలకు నిలిపేశారు. అప్పటి నుంచి ఆ యంత్రాల యజమానులకు ఫోనే గతి అయింది.

యంత్రంతో పాటు అమ్మే ఓఈఎమ్ లైసెన్సు ఆ యంత్రంతోనే పోతుందని మైక్రోసాఫ్ట్ నియమం. పాడైన మదర్‌బోర్డు స్థానంలో సమానమైనది వేస్తే లైసెన్సు నిలుస్తుంది. వేగం కోసం మార్చుకుంటే అది కొత్త కంప్యూటర్ కింద లెక్క. పెట్టెతో విడిగా కొన్న రిటైల్ లైసెన్సుకు ఈ బంధం లేదు. పాత యంత్రంలోంచి తీసేసి కొత్త దాంట్లో వేసుకోవచ్చు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల విడిభాగాలతో కంప్యూటర్ కట్టించుకునేవారికి ఈ తేడా డబ్బుతో ముడిపడినది. చవగ్గా వస్తుందని ఓఈఎమ్ తీసుకుంటే, తర్వాత బోర్డు మార్చిన రోజున ఆ తేడా బయటపడుతుంది. ఓఈఎమ్ ప్రతులను యంత్రం లేకుండా అమ్మడాన్ని అడ్డుకోవడం కుదరదని 2000 జులైలో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. కొన్నవాడి హక్కు వైపు నిలిచిన తీర్పుల్లో ఇది ముందువరసలోది.

2006 అక్టోబరులో విస్టా లైసెన్సు పాఠం బయటికి రాగానే గొడవ మొదలైంది. రిటైల్ ప్రతిని సైతం ఒక్కసారే మరో యంత్రానికి మార్చుకోవచ్చని అందులో ఉంది. తరచూ భాగాలు మార్చుకునేవారు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. నవంబరు మొదట్లో మైక్రోసాఫ్ట్ ఆ షరతు తొలగించింది. పూర్తి ధర చెల్లించినవారిని కాపీ చేసేవారితో ఒకే గాటన కట్టిన నిబంధన అది, పోవాల్సిందే, పోయింది. 2007 జనవరిలో విడుదలైన విస్టా, యాక్టివేషన్ లేని యంత్రంలో దాదాపు అన్ని పనులూ ఆపేసేది. అదే ఏడాది ఆగస్టులో, అసలుదా నకిలీదా తేల్చే సర్వర్లు దెబ్బతిని, అసలు విండోస్ ఉన్న వేలాది యంత్రాలను నకిలీవిగా చూపించాయి. 2008లో విస్టా సర్వీస్ ప్యాక్ 1 ఆ కఠిన శిక్షను తీసేసింది. నల్లటి వాల్‌పేపర్, పదేపదే వచ్చే హెచ్చరికలు మిగిలాయి.

సంస్థల కోసం విస్టాతోనే కేఎంఎస్ వచ్చింది. ఆఫీసు నెట్‌వర్క్‌లోని సర్వరే యాక్టివేట్ చేస్తుంది. 180 రోజుల్లోగా మళ్లీ దాన్ని పలకరించాలి. కనీసం 25 కంప్యూటర్లున్న చోటే క్లయింట్లకు ఇది పనిచేస్తుంది.

2012లో విండోస్ 8తో బ్రాండెడ్ యంత్రాల్లో స్టిక్కర్ మీద కీ ముద్రించడం పోయింది. ప్రతి యంత్రానికీ వేరే కీని మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌లోనే దాచారు. హార్డ్ డిస్క్ మార్చి విండోస్ మళ్లీ వేసినా ఇన్‌స్టాలర్ దాన్ని తానే చదువుకుంటుంది. కానీ ఈ యంత్రాల్లో బోర్డు మారితే కీ కూడా పాత బోర్డుతోనే పోతుంది.

2015 జులై 29న వచ్చిన విండోస్ 10 కీని దాదాపు పక్కనపెట్టింది. మొదటి ఏడాదిలో ఉచితంగా అప్‌గ్రేడ్ అయినవారికి కొత్త కీ ఇవ్వలేదు. వారి హార్డ్‌వేర్ గుర్తునే సర్వర్‌లో నమోదు చేసి, దానికి లైసెన్సు జతచేసింది. ఇక మదర్‌బోర్డు మార్చినవారు చేతిలో చూపించడానికి ఏమీ లేక ఇరుక్కున్నారు. 2016 ఆగస్టు అప్‌డేట్‌తో దీనికి దారి దొరికింది. డిజిటల్ లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముందుగా కలిపి ఉంచితే, ట్రబుల్‌షూటర్‌లో ఈ మధ్యే హార్డ్‌వేర్ మార్చానని చెప్పి, జాబితాలోంచి తన పాత యంత్రాన్ని ఎంచుకోవచ్చు. ఎడిషన్ మారకూడదు, హోమ్ లైసెన్సుతో ప్రో యాక్టివేట్ కాదు. విండోస్ 7, 8 కీలతో కొత్త విండోస్‌ను యాక్టివేట్ చేసుకునే దారి ఉచిత అప్‌గ్రేడ్ గడువు ముగిశాక కూడా ఏళ్ల తరబడి తెరిచే ఉంది. దాన్ని మూసేసినట్టు 2023 సెప్టెంబరులో కంపెనీ ప్రకటించింది.

లెక్క నుంచి ఖాతాకు మారడంతో ఫోన్‌లో అంకెలు చదివే శ్రమ చాలామందికి తప్పింది. బదులుగా ఖాతా తప్పనిసరిలా తయారైంది. 2001లో యాక్టివేషన్‌కు పేరు కూడా చెప్పనక్కర్లేదన్న హామీ ఉండేది. డబ్బిచ్చి కొన్నవాడి మీద రుజువు భారం తగ్గించేందుకు ఈ మార్పు ఉపయోగపడింది కానీ, ఆ పాత హామీని నిలబెట్టే మార్గం కూడా ఉండాల్సింది.

మదర్‌బోర్డు మార్చబోయేవారు ముందు సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీ తెరిచి, లైసెన్సు తమ ఖాతాకు కలిసి ఉందో లేదో చూసుకోవాలి. రిటైల్ ప్రతి అయితే కీని, బిల్లును భద్రపరచుకోవాలి. బోర్డు మార్చాక లైసెన్సును ఖాతాకు కలపడం కుదరదు.