సంతోషానికీ ఒక వేళ



"ఈ పనంతా తెమిలాక కాసేపు హాయిగా కూర్చుంటాను" అని మనం రోజూ అనుకుంటాం. పనీ తెమలదు, ఆ కాసేపూ రాదు. సంతోషమంటే అన్నీ అయ్యాక అడుగున మిగిలేదని, మిగిలితే మనకు, లేకపోతే లేదని మన ఆడవాళ్ళకు చిన్నప్పటినుంచీ అలవాటైపోయింది. భక్తి విషయమూ అంతే. భక్తిపరులంటే నవ్వు తగ్గించుకుని, ముఖం ముడుచుకుని ఉండాలని చాలామంది అభిప్రాయం.

ఈ రెండూ సరికావని 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశపు స్త్రీ ఒకామె తేల్చి చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. సంతోషానికి రోజూ ఒక వేళ ఏర్పాటు చేసి, దాన్ని మఠం నియమావళిలో రాసి పెట్టింది. ఆమే అవిలా పట్టణపు తెరెసా. మనందరికీ తెలిసిన కలకత్తా మదర్ థెరీసా వేరు, ఈమె వేరు సుమండీ.

తెరెసా 1515 మార్చి 28న పుట్టింది. పదమూడేళ్ళు వచ్చేసరికే తల్లి పోయింది. ఇరవయ్యో ఏట అవిలాలోని ఒక పెద్ద మఠంలో చేరింది. 1539లో జబ్బుచేసి నాలుగు రోజులు స్పృహ లేకుండా పడి ఉంటే, ఇక బతకదనుకుని సమాధికి గుంట కూడా తవ్వించారు. బతికింది కాని, ఆ తరువాత మూడేళ్ళు కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేవు. కాబట్టి కష్టమెరగక నవ్విన మనిషి కాదు ఆమె.

ఆమె చేరిన మఠంలో నూట యాభైమందికి పైగా స్త్రీలుండేవారు. అందులోనూ కలవారూ, లేనివారూ అన్న భేదం ఉండేది. డబ్బున్న కుటుంబాల ఆడపిల్లలకు విడి గదులు, గౌరవ బిరుదులు. పేదింటి పిల్లలకు ఉమ్మడి గది. ఇది తెరెసాకు నచ్చలేదు. 1562 ఆగస్టు 24న, నలుగురు స్త్రీలతో, అదే ఊళ్ళో పునీత జోజప్పగారి పేర ఒక చిన్న మఠం ప్రారంభించింది. ఊరి పెద్దలు మండిపడ్డారు. ఆస్తి లేని మఠాన్ని ఎవరు పోషిస్తారని వ్యాజ్యం కూడా వేశారు. ఆమె జంకలేదు.

ఇక ఆ మఠం నియమాలు చూడండి. మాంసం లేదు. ఏడాదిలో సగానికి పైగా ఉపవాస కాలమే. ముతక బట్ట కట్టుకోవాలి, రాట్నం తిప్పుకుని, చేతిపని చేసుకుని బతకాలి. రోజులో చాలా భాగం మౌనం. వింటుంటేనే భయం వేస్తోంది కదూ! అంత కఠినమైన దినచర్యలోనే, భోజనమయ్యాక అందరూ ఒకచోట చేరి ఇష్టం వచ్చిన కబుర్లు చెప్పుకోవాలని కూడా రాసింది. ఒకరినొకరు నొప్పించకూడదు, వేళాకోళం హద్దు దాటకూడదు. అంతవరకే ఆంక్ష. ఈ వేళకు చేతిలో కదురు కూడా తెచ్చుకోవచ్చు. గమనించారా? చేతిపని పూర్తయ్యాక సంతోషించమనలేదు. చేతులు పని చేస్తుండగానే నవ్వుకోమంది.

ఇంకో నియమం మన ఇళ్ళల్లో గోడకు తగిలించుకోదగ్గది. ఊడ్చే పని వంతుల పట్టికలో మొదటి పేరు మఠాధిపతిది ఉండాలట! అంటే తెరెసాది. సంతోషపు వేళ అందరికీ ఎలా చిక్కిందో ఇప్పుడు తెలిసింది కదా. పని పంచుకున్నారు కనుక తీరిక కూడా అందరికీ వచ్చింది. ఒక్కరి నెత్తిన పనంతా రుద్ది, "నవ్వుతూ ఉండమ్మా" అంటే ఆ నవ్వు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

పండుగలొస్తే తెరెసా స్వయంగా పాటలు కట్టేది. వాద్యం పట్టుకుని తాళం వేసేది కూడా. ఆ మఠంలో చెప్పుకునే ముచ్చట ఒకటుంది. ముతక ఉన్ని బట్టల్లో పేలు పడి ప్రార్థనకు అడ్డమొస్తాయేమోనని అక్కడి కన్యాస్త్రీలకు దిగులు పట్టుకుందట. కొవ్వొత్తులు వెలిగించుకుని, పేలు పట్టకుండా కాపాడమని పాడుతూ ఊరేగింపుగా వచ్చారట. ఆమె కోప్పడకుండా, అక్కడికక్కడే తానూ ఒక పాట కట్టి వాళ్ళతో గొంతు కలిపిందట.

విచిత్రం చూడండి. అదే 1515లో, జూలై నెలలో, ఇటలీలోని ఫ్లారెన్సులో ఫిలిప్ నేరి పుట్టాడు. ఆయన రోము నగరంలో గురువు. తపస్సు కాలానికి ముందు అక్కడ కార్నివాల్ అని పెద్ద సంబరం జరిగేది. తాగుడూ అల్లరీ శ్రుతి మించేవి. ఆయన యువకులను తిట్టలేదు. అంతకంటే మంచి సంబరం చూపించాడు. వాళ్ళను వెంటబెట్టుకుని, పాటలు పాడుకుంటూ, ఏడు గుడులు చుట్టివచ్చే యాత్ర చేయించాడు. దారి సుమారు 20 కిలోమీటర్లు. మధ్యలో ఒక తోటలో రొట్టె, జున్ను, గుడ్లతో వనభోజనం, సంగీతం. కొందరు పెద్దలకు ఇది అనుమానంగా తోచింది. 1559లో కొన్నాళ్ళపాటు పాపసంకీర్తనాలు వినవద్దని ఆయనను కట్టడి చేశారు. చివరికి తప్పేమీ లేదని తేలింది. భక్తితో పాటు నవ్వు కనబడితే ఆ రోజుల్లో కూడా సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేదన్నమాట.

ఆ శంకకు శ్రీసభ ఇచ్చిన జవాబు 1622 మార్చి 12న వచ్చింది. ఆ ఒక్కరోజే ఐదుగురిని పునీతులుగా ప్రకటించారు. వారిలో తెరెసా, ఫిలిప్ నేరి ఇద్దరూ ఉన్నారు. గోవాలో దేహం భద్రపరచి ఉన్న ఫ్రాన్సిస్ జేవియర్ కూడా ఆనాడే పునీతుడయ్యాడు. 1970 సెప్టెంబరు 27న తెరెసాను శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. ఆ గౌరవం పొందిన మొట్టమొదటి స్త్రీ ఆమే. 1975లో ఆరవ పౌలు పోపుగారు క్రైస్తవ ఆనందం గురించే ప్రత్యేకంగా ఒక లేఖ రాశారు.

కతోలిక గుడికి వెళ్ళే సోదరీమణులు గమనించే ఉంటారు. క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలంలో, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో గురువులు ఊదారంగు వస్త్రాలు వేసుకుంటారు. కాని ఆ రెండు కాలాల మధ్యలోనూ ఒక్కొక్క ఆదివారం గులాబీ రంగు వేసుకోవచ్చు. అవి ఆనందించమని చెప్పే ఆదివారాలు. ఉపవాసం ముగిసేదాకా ఆగనక్కరలేదు, నడుమనే ఒకరోజు సంతోషించమని దాని భావం.

తెరెసాకు సుఖమైన రోజులు రాలేదు. జబ్బు శరీరంతో, ఎగుడుదిగుడు దారుల్లో, బండ్ల మీద తిరిగి ఇరవై ఏళ్ళలో 17 మఠాలు నెలకొల్పింది. 1582 అక్టోబరు 4 రాత్రి కన్నుమూసింది. సరిగ్గా ఆ రాత్రే పంచాంగం మార్చడం వల్ల మరునాడు అక్టోబరు 15 అయింది! అందుకే ఆమె పండుగ ఆ తేదీన చేస్తారు.

దుఃఖంలో ఉన్నవారిని బలవంతాన నవ్వమనడం లేదు నేను. అది అన్యాయం. సంతోషం పని అయ్యాక దొరికే బహుమానం కాదు, దినచర్యలో దానికీ ఒక చోటు ఉండాలి అంటున్నాను. మన ఇళ్ళకు నియమావళి ఎవరూ రాసిపెట్టరు, మనమే రాసుకోవాలి. రాత్రి భోజనాలయ్యాక రేపటి చిక్కుడుకాయలు ముందేసుకుని ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చోండి. మీరొక్కరే ఈనెలు తీయకండి, తలా ఒక గుప్పెడు పంచండి. పంచడం మాత్రం ఇంటి పెద్దతో మొదలుపెట్టండి. ఆ తరువాత కబుర్లు వాటంతటవే వస్తాయి.