ఉస్తాదులను ఎలా తలుచుకుంటున్నాం?

శంషాబాద్‌కు ఆ పేరు పాయిగా ప్రభువుల ‘షంసుల్ ఉమ్రా’ బిరుదు నుంచి వచ్చిందని చెబుతారు. నిజాముల అంగరక్షక సేనను పోషించిన వంశం వారిది. హైదరాబాద్ పిసల్‌బండలో వారి సమాధులు నగిషీలతో నేటికీ నిలిచి ఉన్నాయి. అయితే ఆ సిపాయిలకు కత్తి తిప్పడం నేర్పిన ఉస్తాదులను తలుచుకునేవారు లేరు. మన స్మృతి సంప్రదాయం యోధుడి చావును, బలాన్ని గుర్తుపెట్టుకుంది కానీ, అతనికి విద్య చెప్పినవాడిని వదిలేసిందని నా అభిప్రాయం. పశువుల మందను కాపాడుతూ నేలకొరిగిన వాడికి ఊరు వీరగల్లు, అంటే స్మారక శిల, నిలిపింది. 12వ శతాబ్దపు పల్నాటి పోరులో మడిసిన వీరుల ఆయుధాలకు కారంపూడిలో ఏటా కార్తీకమాసంలో పూజలు జరుగుతాయి. ఎంతో గొప్ప ఆచారమే, కానీ ఆ ఆయుధం పట్టడం నేర్పిన గరిడీ (సాము నేర్పే చోటు) గురువు ఆ కథలో ఎక్కడా ముందుకు రాడు.

ఆధునిక కాలంలోనూ ఇదే తీరు. 1882లో వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పేరు చెప్పగానే సర్కస్‌లో ఛాతీమీద ఏనుగు, తెగిన గొలుసులు, కదలకుండా ఆగిన కార్లు గుర్తొస్తాయి. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉంది. కానీ ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ విద్య అభ్యసించి, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడు. 1942లో ఆయన కన్నుమూశాక సర్కస్ ఘనత కథలుగా మిగిలింది, బోధన మరుగున పడింది.

ఘనకార్యాలే కదా కుర్రాళ్లను గోదాలోకి లాగేవి అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, లాగుతాయి. కానీ గోదాలో నిలబెట్టేది ఉస్తాద్ సరిదిద్దే పట్టు. ఆధారాలు లేని గురువుల చరిత్ర ఎలా రాస్తామన్నది ఇంకా బలమైన ప్రశ్న. కుస్తీ, కర్రసాము కాగితం మీద బతికిన విద్యలు కావు, నిజమే. అయినా వాటికి శిష్యుల శరీరాలే దస్తావేజులు. దండాలు, బస్కీలు తీయించే క్రమమూ, ఎదుటివాడి దెబ్బను కాచుకునే ఒడుపూ తాలీంకు తాలీంకు (వ్యాయామశాలకు వ్యాయామశాలకు) మారుతాయి. ఆ తేడాలను పట్టుకుంటే గురువు జాడ దొరుకుతుంది.

అయితే ఆ జాడ దొరికే చోట్లే తగ్గిపోతున్నాయి. శంషాబాద్‌లోనే చూడండి, 2008లో విమానాశ్రయం తెరిచారు. దానికోసం సుమారు 5,500 ఎకరాలు తీసుకున్నారు. చుట్టూ భూమి విలువ పెరిగేకొద్దీ ఊళ్ల ఖాళీ జాగాలు తరిగిపోతాయి. సాధన చేసే చోటు పోతే శిష్యులు చెదిరిపోతారు. కాబట్టి ఉస్తాదుల వర్ధంతి సభల్లో దండలు వేసి ఊరుకోకండి. పెద్ద శిష్యులను కూర్చోబెట్టి ఏ పట్టు ఎవరు నేర్పారో, ఆయనకు ఎవరు నేర్పారో చెప్పించి, చేయించి, చిత్రీకరించి దాచండి.