వంగవలసింది పనిముట్టే

అమెరికా వచ్చి ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదివిన మనవాళ్ళు చాలామందే ఉన్నారు. నేనూ ఆ కోవలోని వాణ్ణే. మా చదువులో అందరికంటే ముందు వినిపించే పేరు ఫ్రెడరిక్ టేలర్. ఆయన 1898-1901 మధ్య పెన్సిల్వేనియాలోని బెత్లెహేమ్ స్టీల్ కంపెనీలో పని చేశాడు. అక్కడి కూలీలు ఎవరి పార వాళ్ళే తెచ్చుకునేవారు. ఒకే పారతో బొగ్గుపొడి ఎత్తితే మూడున్నర పౌండ్లు, ఇనుప ఖనిజం ఎత్తితే 38 పౌండ్లు. ఎత్తుకు 21 పౌండ్లుంటే రోజు మొత్తం మీద ఎక్కువ సరుకు కదులుతుందని తేల్చి, ఏ సరుకుకు ఆ పార చేయించాడు టేలర్. మనిషికి రోజుకు 16 టన్నులు కాస్తా 59 అయ్యాయనీ, కూలి డాలరు 15 సెంట్ల నుంచి డాలరు 88 సెంట్లకు పెరిగిందనీ, 400 నుంచి 600 మంది చేసే పనికి 140 మంది సరిపోయారనీ 1911లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పట్టికలో టన్నులున్నాయి, డాలర్లున్నాయి. నడుం నొప్పికి మాత్రం గడి లేదు.

ఆ గడి నింపినవాళ్ళలో ఒకరు న్యూయార్క్ యూనివర్సిటీకి చెందిన ఎర్విన్ టిచాయర్. టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో కొత్తగా పని నేర్చుకునేవారిని 40 మంది చొప్పున రెండు జట్లుగా పరిశీలించారు. ఒక జట్టుకు మామూలు కటింగ్ ప్లయర్లు, రెండో జట్టుకు పిడి వంపు తిరిగినవి. పిడి తిన్నగా ఉంటే చెయ్యి చిటికెనవేలి వైపు వంగాలి. అలా వంచి వేలసార్లు నొక్కితే మణికట్టులోని స్నాయువులు ఒరుసుకుని వాస్తాయి. వంపు పిడివాళ్ళు రెండో వారానికే కుదుటపడ్డారు. తిన్న పిడివాళ్ళలో జబ్బుపడేవారు పెరుగుతూ వచ్చి, పది పన్నెండు వారాలకు ఒక్కసారిగా ఎక్కువయ్యారు. వంచవలసింది పనిముట్టునే గాని మణికట్టును కాదన్న సూత్రం 1970లలో అలా స్థిరపడింది. అయితే వంపు ఉంటే చాలదు. నిలువు పలకకు రంధ్రం వేయడానికి హాయిగా ఉండే పిస్తోలు పిడి డ్రిల్లు, నడుమెత్తు బల్ల మీద వాడితే అదే మణికట్టును విరిచేస్తుంది. పిడితోపాటు బల్ల ఎత్తూ చూడాలి.

చట్టం మాత్రం ఈ దారిలో తడబడింది. పదేళ్ళ కసరత్తు తర్వాత 2000 నవంబరులో ఓషా ఎర్గనామిక్స్ నిబంధన ప్రకటించింది. 2001 మార్చిలో సెనేట్ 56-44తో, హౌస్ 223-206తో దాన్ని రద్దు చేశాయి. ప్రెసిడెంట్ బుష్ సంతకం పెట్టారు. ఖర్చు భరించలేమన్నది వ్యాపార సంఘాల వాదన. ఫెడరల్ స్థాయిలో అలాంటి నిబంధన నేటికీ లేదు. కాలిఫోర్నియాలో 1997 నుంచి ఒకటుంది.

చట్టం లేనిచోట ఆ భారం డ్రాయింగు గీసేవాడిది. మన పిల్లల్లో ఎందరో ఆ కుర్చీల్లో కూర్చోబోతున్నారు. ఎన్ని ముక్కలు తయారవుతాయని వాళ్ళను అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కార్మికుడు తన మనవణ్ణి ఎత్తుకోగలడా అన్నది మాత్రం వాళ్ళంతట వాళ్ళే అడగాలి.