పనిభారానికి కొలత: ఇటరేషన్ ప్రణాళిక చరిత్ర

సాఫ్ట్‌వేర్ బృందంలో ఎవరు ఎంత పని చేయాలో నిర్ణయించేది ఎవరు? ఎజైల్ పద్ధతుల చరిత్రను ఈ ప్రశ్నతో చదవండి. అప్పుడది శ్రమ చరిత్రలో ఒక భాగమని మీకు అర్థమవుతుంది.

1970లో విన్‌స్టన్ రాయిస్ తన వ్యాసంలో అవసరాల సేకరణ, రూపకల్పన, ప్రోగ్రామింగ్, పరీక్ష మొదలైన దశలను వరుసగా చూపాడు. తరువాత ఈ నమూనాకు వాటర్‌ఫాల్ అనే పేరు వచ్చింది. దీనిని ఉన్నదున్నట్లు అమలు చేయడం ప్రమాదకరమని రాయిసే హెచ్చరించాడు. అయినా పరిశ్రమలో చాలామంది ఆ బొమ్మను తీసుకొని హెచ్చరికను వదిలేశారు. గడువు, పని పరిమాణం రెండూ ముందే ఖరారైతే, అంచనా తప్పినప్పుడు ఆ లోటును ప్రోగ్రామర్లే అదనపు గంటలతో పూడ్చాలి. పోనీ, మనుషులను పెంచితే? ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవారిని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని 1975లో ఫ్రెడ్ బ్రూక్స్ వివరించాడు. కొత్తవారికి పని నేర్పే భారం పాతవారిపైనే పడుతుంది.

1996లో అమెరికాలోని క్రైస్లర్ కార్ల సంస్థ వేతనాల ప్రాజెక్టులో కెంట్ బెక్ మరో మార్గం అనుసరించాడు. అదే ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌గా రూపుదిద్దుకొంది. ఇందులో ఇటరేషన్ గడువు మారదు, పని పరిమాణమే మారుతుంది. పనులను ఎవరికి వారే ఎంచుకొని, అంచనా వేసుకొంటారు. ఆ తరువాత సమతూకం చూస్తారు. ఉదాహరణకు, మూడు వారాల ఇటరేషన్‌లో 15 పనిదినాలు ఉంటాయి. ఆటంకం లేకుండా ఒక రోజులో అయ్యే పనికి వాస్తవంలో మూడు రోజులు పడుతుందనుకోండి. అప్పుడు ఒకరికి 5 రోజుల పనే సరిపోతుంది. 7 రోజుల పని తీసుకొన్నవారు 2 రోజుల పనిని వదులుకోవాలి. బృందం మొత్తానికీ గత ఇటరేషన్‌లో పూర్తయినంత పనే ఈసారికి హద్దు.

2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో సమావేశమైన 17 మంది ఎజైల్ ప్రకటనను రూపొందించారు. ఎంతకాలమైనా ఒకే వేగంతో పనిచేయగలగాలన్నది దాని సూత్రాలలో ఒకటి. 2011లో స్క్రమ్ గైడ్ ఒక మాటను మార్చింది. స్ప్రింట్‌కు ఎంచుకొన్న పనిని అంతకుముందు బృందం ఇచ్చిన ‘హామీ’గా చెప్పేవారు. ఇప్పుడది ‘అంచనా’ అయింది. హామీ తప్పితే మనిషిని నిలదీస్తారు. అంచనా తప్పితే ప్రణాళికను సరిదిద్దుతారు.

పనికి హద్దుగా పుట్టిన కొలతను పై అధికారి లక్ష్యంగా మార్చితే, బృందం అంచనాలను పెంచి చూపుతుంది. అంకెలు పెరుగుతాయి, పని మాత్రం పెరగదు. అందువల్ల ఏ బృందం ప్రణాళికను పరిశీలించినా మీరు ముందుగా ఒక విషయం గమనించండి: పని ఎక్కువైనప్పుడు అక్కడ తగ్గించేది పనినా, మనిషి విశ్రాంతినా?