తిమింగలం జాడ దాని మేత చెబుతుంది

మన బైరసాగరం లాంటి చెరువుల్లో నీళ్లు ఒక్కోసారి పచ్చగా మారడం మీరు చూసే ఉంటారు. ఆ రంగుకు ముఖ్య కారణం వృక్ష ప్లవకాలు. వాటిని జంతు ప్లవకాలు తింటాయి, వీటిని చేపలు తింటాయి. సముద్రంలోనూ ఇదే ఆహారపు గొలుసు. కాకపోతే అక్కడ కొన్ని పెద్ద తిమింగలాలు కూడా నేరుగా జంతు ప్లవకాలనే తిని బతుకుతాయి.

అమెరికా, కెనడా తూర్పు తీరాల్లో తిరిగే ఉత్తర అట్లాంటిక్ రైట్ వేల్ అలాంటిదే. దాని పొడవు సుమారు 15 మీటర్లు. ముఖ్యమైన మేత మాత్రం బియ్యపు గింజంత ఉండే కలానస్ అనే జీవి. ఈ తిమింగలాలు ఇప్పుడు 400 లోపే మిగిలాయి. ఓడలు గుద్దుకోవడం, చేపలవాళ్ల తాళ్లలో చిక్కుకోవడం వీటి చావుకు పెద్ద కారణాలు. అవి తిరిగే చోటు ముందే తెలిస్తే ఓడల వేగం తగ్గించవచ్చు.

ఎలా తెలుస్తుంది? సముద్రపు రంగును బట్టి పత్రహరితం ఎంతుందో ఉపగ్రహం చెబుతుంది, పైనీటి వేడిని కూడా కొలుస్తుంది. పరిశోధకులు ఓడల్లో వెళ్లి సన్నని వలలతో జంతు ప్లవకాలను పట్టి లెక్కపెడతారు. వీటికి లోతు, ప్రవాహాల వివరాలు కలిపి, కలానస్ ఎక్కడ దట్టంగా చేరుతుందో కంప్యూటర్ నమూనాతో అంచనా వేస్తారు. దట్టంగా ఉన్నచోటే తిమింగలానికి కడుపు నిండుతుంది. పలుచగా ఉంటే శ్రమే మిగులుతుంది.

పాత పటాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో కూడా చూశాం. 2010 తర్వాత మెయిన్ సింధుశాఖ వేడెక్కి అక్కడ కలానస్ తగ్గింది. చాలా తిమింగలాలు మేత వెతుక్కుంటూ కెనడాలోని సెయింట్ లారెన్స్ సింధుశాఖకు వెళ్లాయి. అక్కడ వాటికి తగిన రక్షణ లేదు. 2017లో కెనడా జలాల్లోనే 12 చనిపోయాయి. చావులు మొదలయ్యాకే అక్కడ ఓడల వేగానికి హద్దు పెట్టారు.

ఇలాంటి లెక్క మన దేశంలోనూ ఉంది. 1999లో మొదలైన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ నీటి వేడి, పత్రహరితం ఆధారంగా చేపలు దొరికే చోట్లను గుర్తించి మత్స్యకారులకు తెలుగులో కూడా తెలియజేస్తుంది.

ఒక్కటి మరువకండి. పత్రహరితం ఉన్నంత మాత్రాన మేత ఉన్నట్టు కాదు, మేత ఉన్నంత మాత్రాన తిమింగలం వచ్చినట్టూ కాదు. నమూనా చెప్పేది అవకాశమే. విమానాల నుంచి చూసి, నీటిలో మైకులు పెట్టి విని సరిచూసుకోవాల్సిందే.

పిల్లలూ, పెద్దవాళ్ల తోడుతో చెరువు నీళ్లు కొన్ని సీసాలో తెచ్చి, ఒక్క చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి చూడండి. ఆహారపు గొలుసు పాఠం అక్కడే మొదలవుతుంది.